నోరాడ్ మీద ఉన్న పేషెంట్‌ని తిప్పితే బీపీ పడిపోతోంది, బెడ్ సోర్ రాకుండా ఎలా?

ఐసీయూ_కొత్త_స్టాఫ్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఈమధ్యే వార్డు నుంచి ఐసీయూకి మారాను. వార్డులో పేషెంట్‌ని రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం అంత కష్టం అనిపించేది కాదు. వాళ్లే కాస్త సహకరిస్తారు, నొప్పి పుడితే చెబుతారు, చాలామంది మనం వెళ్లేలోపే కొంచెం అటూ ఇటూ కదులుతారు. ఇక్కడ నా పేషెంట్ వెంటిలేటర్ మీద, సెడేషన్‌లో (మత్తు మందుతో) ఉన్నారు, బీపీ నిలబెట్టడానికి ఇచ్చే నోరాడ్ (నోరాడ్రినలిన్) డోస్ పెరుగుతూ వస్తోంది. ఎడమ పక్కకి తిప్పగానే బీపీ పడిపోయి మానిటర్ మోగుతుంది, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) కూడా తగ్గుతుంది, వెంటనే డ్యూటీ డాక్టర్ గారు 'వద్దు, తిప్పకండి' అంటారు. తర్వాత షిఫ్ట్ వాళ్లకి కూడా హ్యాండోవర్‌లో అదే మాట వెళుతుంది, వాళ్లూ తిప్పరు. 'ఎయిర్ బెడ్ (గాలి అరలు నిండుతూ ఖాళీ అవుతూ ఉండే పరుపు) ఉంది కదా' అని అందరూ ధైర్యంగా ఉన్నారు, నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది.

ఇవాళ నడుము కింద, పిర్రల మధ్య ఎముక మీద ఒక ముదురు మచ్చ కనిపించింది. ఆయన చర్మం బాగా నలుపు, అందుకని ఎరుపు ఉందో లేదో చెప్పలేకపోతున్నాను. చేత్తో తాకితే మాత్రం చుట్టుపక్కల కంటే వేడిగా, కొంచెం గట్టిగా ఉంది. తోలు ఊడలేదు.

ఎయిర్ బెడ్ ఉంటే తిప్పకపోయినా పర్వాలేదా? తల ఎత్తి ఉంచమని న్యుమోనియా కోసం చెబుతారు, బెడ్ సోర్ కోసం దించమంటారు, రెండిట్లో ఏది వినాలి? స్పిరిట్, పౌడర్ వేసి వీపు రుద్దడం, మడమల కింద గ్లవ్స్‌లో నీళ్లు నింపి పెట్టడం ఇక్కడ ఇంకా చేస్తున్నారు, అవి సరైనవేనా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

సీనియర్_సిస్టర్:

తల్లీ, ముందు ఆ మచ్చ సంగతి చూడు, మిగతావి తర్వాత. తోలు ఊడలేదు కాబట్టి ఇంకా పుండు రాలేదు అనుకోకు. వేడిగా, గట్టిగా ఉందంటే లోపల దెబ్బ మొదలైందనే లెక్క. వేలితో కొన్ని సెకన్లు నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ రంగు వస్తే రక్తం ఇంకా తిరుగుతోందని అర్థం, రంగు మారకపోతే అది మొదటి దశ. కానీ నలుపు చర్మంలో ఈ తెల్లబడటం కంటికి దొరకదు, అందుకే నువ్వు చేసినట్టు చేత్తో వేడి, గట్టిదనం, వాపు చూడటమే సరైన పద్ధతి. పక్కనే ఉన్న మామూలు చర్మాన్ని తాకి పోల్చుకో, లైటు బాగా వేసి చూడు. మచ్చ ఊదా రంగులోకో, ముదురు వంకాయ రంగులోకో తిరిగితే మాత్రం అది పైపైది కాదు, లోతు కణజాలం దెబ్బతిన్నదని అర్థం, ఒక్కోసారి పైన చర్మం బాగానే ఉండి కొన్నాళ్లకి ఒక్కసారిగా తెరుచుకుని ఎముక దాకా కనిపిస్తుంది.

ఇలా ఎందుకు జరుగుతుందో అర్థమైతే మిగతా ప్రశ్నలకి సగం జవాబు దొరికినట్టే. మనం ఒత్తిడి పరుపు వైపు నుంచి, అంటే చర్మం మీద పడుతుంది అనుకుంటాం. నిజానికి అది ఎక్కువగా పడేది లోపల, ఎముక అంచుకి ఆనుకున్న కండరం మీద. కండరం చర్మం కంటే త్వరగా చస్తుంది. పైగా రక్తం ఆగిపోవడం ఒక్కటే కారణం కాదు, గట్టిగా నలిగిన కణాలు నలుగుడు వల్లే దెబ్బతింటాయి, దానికి అంత సేపు కూడా పట్టదు. నోరాడ్ మీద ఉన్నవాళ్లకి చర్మానికి వెళ్లే రక్తం ఎలాగూ తగ్గి ఉంటుంది కాబట్టి మామూలు మనిషి తట్టుకునే ఒత్తిడి కూడా వీళ్లకి ఎక్కువే. సెడేషన్ వల్ల నొప్పి తెలియదు, తెలిసినా కదలలేరు. 2018లో 90 దేశాల్లోని 1,117 ఐసీయూలలో ఒకే రోజు 13 వేలకు పైగా పేషెంట్లని చూస్తే నూటికి 26 మందికి పైగా ఈ పుండ్లు ఉన్నాయి, నూటికి 16 మందికి అవి ఐసీయూలోనే వచ్చాయి. అంటే నీ దగ్గరే కాదు, అన్నిచోట్లా ఉన్న గొడవే ఇది.

ఇక ఎయిర్ బెడ్. మంచిదే, కానీ తిప్పడానికి బదులుగా కాదు. బ్రిటన్‌లో 2 వేల మందికి పైగా పేషెంట్లతో ఎయిర్ బెడ్‌నీ, మంచి రకం ఫోమ్ పరుపునీ పోల్చిన పెద్ద ట్రయల్ 2019లో వచ్చింది, చెప్పుకోదగ్గ తేడా ఏమీ తేలలేదు. అందులో రెండు వైపుల వాళ్లకీ మామూలు నర్సింగ్ కేర్ అందింది, అది మర్చిపోవద్దు. ఇంకో విషయం, చాలాచోట్ల ఎయిర్ బెడ్ మీద దుప్పటి, దాని మీద రబ్బరు షీటు, దాని మీద డ్రా షీటు, రెండు అండర్‌ప్యాడ్లు, ఆపైన డైపర్ వేస్తారు, అన్ని పొరలు వేశాక కింద గాలి అరలు నిండినా ఖాళీ అయినా పేషెంట్ ఒంటికి తెలియదు. డ్యూటీ ఎక్కగానే పంపు ఆన్‌లో ఉందా, బరువు సెట్టింగ్ సరిగ్గా ఉందా, పైపు ఎక్కడైనా మడతపడిందా చూడు. పరుపు పూర్తిగా కుంగి నడుము ఎముక మంచం చట్రానికి ఆనుతోందేమో చెయ్యి పెట్టి చూడు, ఆనుతుంటే ఆ బెడ్ ఉన్నా లేనట్టే.

మసాజ్ వద్దు. స్పిరిట్ అసలే వద్దు, చర్మాన్ని ఎండబెట్టి పగిలేలా చేస్తుంది. ఎముక మీద రుద్దితే అప్పటికే నలిగిన చోట చిన్న రక్తనాళాలు తెగుతాయి. ఇది మా ట్రైనింగ్ రోజుల్లో బ్యాక్ కేర్ అనే పేరుతో చాలా గట్టిగా నేర్పించేవారు కాబట్టి మాన్పించడం కష్టమే, అయినా మాన్పించాలి. నీళ్ల గ్లవ్స్, మధ్యలో రంధ్రం ఉండే గుండ్రటి రింగు దిండ్లు కూడా వద్దనే అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. రింగు పెడితే మధ్యలో ఒత్తిడి తగ్గినా చుట్టూ అంచు మీద పడి లోపలికి రక్తం రాకుండా చేస్తుంది. మడమలకి చేయాల్సింది ఒక్కటే, అవి దేనికీ తగలకూడదు. పిక్కల కింద పొడవునా దిండు పెట్టి మడమలు గాల్లో ఉండేలా చెయ్యి, మోకాలు మాత్రం కొంచెం వంగి ఉండాలి, లేకపోతే మోకాలి వెనక సిర నొక్కుకుపోతుంది. మడమ కిందుగా ఒక కాగితం అడ్డం లేకుండా జారితే సరిగ్గా పెట్టినట్టు.

క్రిటికల్_కేర్_డాక్టర్:

సిస్టర్ గారు చెప్పినవన్నీ సరైనవే. నేను బీపీ విషయం ఒక్కటే చెబుతాను, ఎందుకంటే 'తిప్పకండి' అనే మాట మా వాళ్లే అంటారు, ఆ తర్వాత దాన్ని తిరిగి చూసుకోవడం మర్చిపోతారు.

ముందుగా, ఆ పడిపోయిన బీపీ నిజమేనా చూడండి. ఆర్టీరియల్ లైన్ (ధమనిలో పెట్టి బీపీని నిరంతరం చూపించే సన్నటి గొట్టం) ఉంటే, దాని ఒత్తిడిని కొలిచే ట్రాన్స్‌డ్యూసర్ గుండె ఎత్తులో ఉండాలి. పేషెంట్‌ని తిప్పినప్పుడు, మంచం ఎత్తు మార్చినప్పుడు గుండె స్థాయి మారుతుంది, స్టాండుకి కట్టిన ట్రాన్స్‌డ్యూసర్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. 10 సెంటీమీటర్లు తేడా వస్తే దాదాపు 7 మిల్లీమీటర్ల పాదరసం తప్పు చూపిస్తుంది, నోరాడ్ మీద ఉన్న మనిషికి ఆ 7 చూసే మనం భయపడతాం. చేతికి కట్టిన కఫ్ అయితే, పక్కకి తిప్పాక పై చేతికి ఉన్న కఫ్ గుండె కంటే ఎత్తుకి వెళ్లి తక్కువ చూపిస్తుంది. కాబట్టి తిప్పాక లెవెల్ సరిచేసి, మళ్లీ చూసి, అప్పుడు మాట్లాడుకుందాం.

లెవెల్ సరిచేశాక కూడా బీపీ నిజంగా పడితే, వెంటనే వెనక్కి తిప్పేయకుండా కొన్ని నిమిషాలు ఆగి చూడండి, చాలామందికి శరీరం సర్దుకుని మళ్లీ పాత అంకెకి వస్తుంది. ఆగడం అంటే డాక్టర్ పక్కన ఉండి, ఎంత దాకా పడితే వెనక్కి తిప్పాలో ముందే అనుకుని ఆగడం. ఒక్కసారిగా దొర్లించకుండా మెల్లగా, ఆగి ఆగి తిప్పితే పడే బీపీ కూడా తక్కువగానే ఉంటుంది. తిప్పే ముందు సక్షన్ చేసి (గొట్టంలోని కఫం లాగేసి), అవసరమైతే కాసేపు ఆక్సిజన్ పెంచితే సాచురేషన్ సమస్య సగం తగ్గుతుంది. ఒక పక్క తట్టుకోలేకపోతే రెండో పక్క తట్టుకోవచ్చు, ఒక ఊపిరితిత్తి బాగా చెడిపోయినవాళ్లలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. మంచి ఊపిరితిత్తి కిందకి ఉంటే సాధారణంగా సాచురేషన్ మెరుగ్గా ఉంటుంది.

అసలు తిప్పకూడని సందర్భాలు ఉన్నాయి, కాదనను. వెన్నెముక విరిగి ఇంకా స్థిరపరచనివాళ్లు, ఛాతీ తెరిచి ఉంచినవాళ్లు, రక్తం ధారగా పోతున్నవాళ్లు, ఎంత ఆగినా బీపీ పైకి రానివాళ్లు. వీళ్లకి కూడా చేయగలిగింది ఉంది. తల ఒకసారి కాస్త పక్కకి జరపడం, భుజం కింద, తుంటి కింద చిన్న మడత గుడ్డ పెట్టి కాసేపటికి రెండో వైపు మార్చడం, మడమలు ఎత్తడం. పూర్తిగా తిప్పడంతో ఇది సమానం కాదు, ఏమీ చేయకపోవడం కంటే మాత్రం చాలా నయం. ముఖ్యంగా 'తిప్పలేం' అన్నది ప్రతి షిఫ్ట్‌లో మళ్లీ ప్రయత్నించి రాయాల్సిన మాట. నిన్న తట్టుకోలేనివారు ఇవాళ తట్టుకోవచ్చు. డాక్టర్ వద్దంటే 'ఎప్పటి వరకు సార్?' అని అడగండి, అది ఎదురు చెప్పడం కాదు.

తల విషయం: వెంటిలేటర్ మీద ఉంటే తల దించేయమని ఎవరూ చెప్పరు, 30 డిగ్రీలు రెండు వైపులా ఒప్పుకునే మధ్యస్థం. అంతకంటే ఎక్కువ ఎత్తాల్సి వస్తే ఎత్తండి, కానీ తల ఎత్తే ముందు మోకాళ్ల భాగం ఎత్తండి. లేకపోతే మనిషి కిందకి జారతాడు, చర్మం దుప్పటికి అతుక్కుని అక్కడే ఉంటుంది, లోపల ఎముక జారుతుంది, మధ్యలో రక్తనాళాలు సాగి నలుగుతాయి. నడుము కింద పుండ్లలో ఈ జారుడు పాత్ర చాలా ఎక్కువ. జారినవాళ్లని చంకల కింద పట్టి పైకి ఈడ్చకండి, స్లైడ్ షీట్ గానీ డ్రా షీట్ గానీ పట్టి ఇద్దరు ముగ్గురు కలిసి ఎత్తి జరపండి.

అమ్మ_కోసం:

నేను నర్సుని కాదు, అటెండెంట్‌ని మాత్రమే. మా అమ్మ బైపాప్ మాస్క్ (ముఖానికి బిగించి గాలి ఒత్తిడితో ఊపిరికి సాయం చేసేది) మీద ఉన్నప్పుడు వీపు వైపు అందరం జాగ్రత్తగా చూశాం, వీపు బాగానే ఉంది, పుండు వచ్చింది ముక్కు దూలం మీద. ఇంకోటి చెవి వెనక, ఆక్సిజన్ పైపు తాకే చోట. ఇలాంటి చోట్ల కూడా వస్తుందని మాకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఈ చర్చ చదివే అటెండెంట్లు ఎవరైనా ఉంటే దయచేసి మాస్క్ తీసిన ప్రతిసారీ ముక్కు చూడండి, చెవులు చూడండి, ఏమైనా కనిపిస్తే సిస్టర్‌కి చెప్పండి. మన విజిటింగ్ టైమ్ తక్కువే, అయినా ఆ కాసేపట్లో చూడొచ్చు.

సీనియర్_సిస్టర్:

చాలా మంచి మాట చెప్పావమ్మా. పేషెంట్‌కి తగిలించిన ప్రతి వస్తువూ పుండు చేయగలదు. ఈటీ ట్యూబ్ (నోటి నుంచి శ్వాసనాళంలోకి వేసే వెంటిలేటర్ గొట్టం) పెదవి మూలన, రైల్స్ ట్యూబ్ (ముక్కు నుంచి కడుపులోకి వేసే గొట్టం) ముక్కు రంధ్రం అంచున, ట్యూబ్ కట్టిన టేపు బుగ్గ మీద, మెడ కాలర్ గడ్డం కింద, తల వెనక, పల్స్ ఆక్సీమీటర్ క్లిప్ వేలికి. యూరిన్ పైపు తొడ కింద పడి ఉంటుంది, ఎవరూ చూడరు. సూది మూతలు, ఈసీజీ లీడ్ల గుండీలు వీపు కింద దొరుకుతూనే ఉంటాయి. రోజుకి కనీసం రెండుసార్లు వీటి కింద చర్మం చూడాలి, ఒళ్లు ఉబ్బినవాళ్లకి ఇంకా ఎక్కువసార్లు, ఎందుకంటే పొద్దున సరిపోయిన పట్టీ సాయంత్రానికి బిగిసిపోతుంది. ఈటీ ట్యూబ్‌ని పెదవికి ఒక మూల నుంచి ఇంకో మూలకి మార్చుతూ ఉండాలి, అది ఒక్కరే చేసే పని కాదు, ట్యూబ్ ఎన్ని సెంటీమీటర్ల దగ్గర ఉందో ముందూ వెనకా చూసుకోవాలి. బైపాప్ మాస్క్ కింద ముక్కు దూలం మీద పలచటి ఫోమ్ డ్రెస్సింగ్ ముందుగానే వేయొచ్చు. మాస్క్ పట్టీలు గట్టిగా బిగిస్తే గాలి లీకు ఆగుతుందని బిగిస్తూ పోతారు, చాలాసార్లు అసలు కారణం సైజు సరిపోకపోవడం. బోర్లా పడుకోబెట్టినవాళ్లకైతే ముఖం, గడ్డం, ఛాతీ, మోకాళ్లు, అన్నీ కొత్తగా లెక్కలోకి వస్తాయి. అది ఒకేసారి 16 గంటలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కూడా సాగుతుంది కాబట్టి మధ్యమధ్యలో తల వైపు, చేతుల వైపు మార్చాల్సిందే.

ఐసీయూ_కొత్త_స్టాఫ్:

చాలా థాంక్స్ అండీ. ట్రాన్స్‌డ్యూసర్ సంగతి నిజంగా ఎవరూ చెప్పలేదు. ఇంకో రెండు అడుగుతాను. అసలు ఈ రెండు గంటల లెక్క ఎక్కడిది, మూడు గంటలకి తిప్పితే సరిపోదా? ఒక్కో షిఫ్ట్‌లో మనుషులు చాలరు. సిలికోన్ ఫోమ్ డ్రెస్సింగ్ పుండు రాకముందే నడుము మీద వేస్తారట, అది పనిచేస్తుందా?

వార్డ్_ఇన్‌ఛార్జ్:

రెండు గంటలంటే రెండు గంటలే. ఒకసారి మూడు అని రాసిస్తే అది నాలుగు అవుతుంది, ఆపైన ఆరు అవుతుంది. మనుషులు చాలకపోతే మనుషుల్ని అడగాలి గానీ గంటలు పెంచకూడదు. నా అభిప్రాయం ఇదే, మార్చుకోను.

సీనియర్_సిస్టర్:

ఇన్‌ఛార్జ్ మేడమ్ భయం నాకు అర్థమవుతుంది, గంటలు అలా పెరిగిపోవడం నేనూ చూశాను. అయినా ఈ కొత్త స్టాఫ్ పాపకి నిజం చెప్పాలి. ఈ లెక్క బాగా వాడుకలోకి రావడానికి ఒక పెద్ద కారణం ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రి. 1944లో లుడ్విగ్ గుట్‌మన్ అక్కడ వెన్నెముక దెబ్బతిన్న సైనికుల కోసం యూనిట్ మొదలుపెట్టి, రాత్రీ పగలూ రెండు గంటలకోసారి తిప్పించేవారు. అప్పటిదాకా అలాంటివాళ్లు పుండ్లతో, మూత్రం ఇన్ఫెక్షన్లతో చనిపోవడం మామూలు అనుకునేవారు. ఆయన అది తప్పించొచ్చని చూపించారు. అప్పటి పరుపులు వేరు. 2013లో అమెరికా, కెనడాల్లో వృద్ధుల నర్సింగ్ హోమ్‌లలో మంచి ఫోమ్ పరుపుల మీద 2, 3, 4 గంటలకోసారి తిప్పడాన్ని పోల్చి చూస్తే పుండ్లలో తేడా కనిపించలేదు. కానీ వాళ్లెవరూ నోరాడ్ మీద, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లు కాదు, అందుకే దాన్ని పట్టుకొచ్చి ఐసీయూలో గంటలు పెంచితే నేను ఒప్పుకోను. గంట కంటే చర్మం మంచి సాక్షి. తిప్పినప్పుడు ముందు ఆనుకున్న చోట చూడు, ఎరుపు గానీ వేడి గానీ తగ్గకుండా ఉంటే ఆ మనిషికి రెండు గంటలు కూడా ఎక్కువే, తగ్గించు.

ఎంత కోణంలో తిప్పుతున్నావన్నది కూడా అంతే ముఖ్యం. 90 డిగ్రీలు పక్కకి పడుకోబెడితే తుంటి ఎముక మీద బరువంతా పడుతుంది. 30 డిగ్రీలు చాలు, వీపు వెనక దిండు పెట్టి వాల్చు, తర్వాత నడుము ఎముక కింద చెయ్యి దూర్చి చూడు, చెయ్యి ఖాళీగా తిరగాలి. దిండు కుంగిపోయి పేషెంట్ మళ్లీ వెల్లకిలా అయిపోయి ఉంటారు, చార్ట్‌లో మాత్రం 'ఎడమ పక్క' అని రాసి ఉంటుంది. ఇది నేను ఎక్కువగా చూసే విషయం.

ఫోమ్ డ్రెస్సింగ్ పనిచేస్తుంది. 2013లో మెల్‌బోర్న్‌లో 440 మంది ట్రామా, సీరియస్ పేషెంట్లకి ఎమర్జెన్సీలోనే నడుముకీ మడమలకీ వేసి చూశారు. వేసినవాళ్లలో పుండ్లు వచ్చింది నూటికి 3.1 మందికి, వేయనివాళ్లలో 13.1 మందికి. అంటే ఐసీయూకి వచ్చాక మచ్చ చూసి వేయడం కాదు, రాగానే వేయాలి. అంచు ఎత్తి రోజూ కింద చర్మం చూసి మళ్లీ అతికించొచ్చు, ఆ రకమే తెప్పించమని అడుగు. ఇది కూడా తిప్పడానికి అదనంగానే.

ఫిజియో:

చిన్న మాట. పేషెంట్ కొంచెం మెరుగయ్యాక కుర్చీలో కూర్చోబెడతాం, అందరూ సంతోషపడతారు, గంటలు గంటలు అలాగే వదిలేస్తారు. కూర్చున్నప్పుడు పిర్రల కింద ఎముకల మీద పడే ఒత్తిడి పడుకున్నప్పటి కంటే ఎక్కువ. కుర్చీలో కుషన్ వేయండి, పాదాలు నేలకి ఆనాలి, తక్కువ సేపు ఎక్కువసార్లు కూర్చోబెట్టండి, మధ్యలో ముందుకి వంచి బరువు తీయించండి.

క్రిటికల్_కేర్_డాక్టర్:

డైపర్ల మాట ఒకటి. విరేచనాలవుతున్నవాళ్లకి పిర్రల మధ్య చర్మం ఎర్రగా ఒలిచినట్టు అయితే అది తేమ వల్ల వచ్చింది కావచ్చు, ఒత్తిడి వల్ల కాకపోవచ్చు. తేమది సాధారణంగా మడతల్లో, విశాలంగా, పైపైన ఉంటుంది. ఒత్తిడిది ఎముక మీద, ఒకచోట ఉంటుంది. రెండూ కలిసి ఉండటమూ మామూలే. మైల్డ్ క్లెన్సర్‌తో తుడిచి, రుద్దకుండా అద్ది ఆరబెట్టి, బారియర్ క్రీమ్ పలచగా రాయండి. ప్రొటీన్ విషయం డైటీషియన్‌తో మాట్లాడండి, పోషకాహార లోపంతో ప్రమాదంలో ఉన్న పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 1.25 నుంచి 1.5 గ్రాముల దాకా సూచిస్తారు, కిడ్నీ పరిస్థితి చూసుకుని. బ్రేడెన్ స్కోర్ (పుండు వచ్చే ప్రమాదాన్ని అంచనా వేసే మార్కులు) వేయండి గానీ దాని మీదే ఆధారపడకండి, 18, అంతకంటే తక్కువ అంటే ప్రమాదం అంటారు, సెడేషన్‌లో ఉన్న మీ పేషెంట్లందరూ ఆ గీత కిందే ఉంటారు.

ఐసీయూ_కొత్త_స్టాఫ్:

డాక్టర్ గారూ, ఇంకొక్కటే. ఈయన మూడు రోజుల క్రితం ఆపరేషన్ థియేటర్‌లో చాలాసేపు ఉన్నారు. మచ్చ నా డ్యూటీలో కనిపించింది కాబట్టి నా షిఫ్ట్‌లో వచ్చిందని రాస్తారేమో అని భయంగా ఉంది.

క్రిటికల్_కేర్_డాక్టర్:

భయపడి రాయకుండా మాత్రం ఉండకండి. లోతు దెబ్బ చర్మం మీద కనిపించడానికి తరచుగా 48 నుంచి 72 గంటలు పడుతుంది, అందుకే థియేటర్ బల్ల మీదో, ఎమర్జెన్సీలో స్ట్రెచర్ మీదో జరిగింది ఐసీయూలో బయటపడుతుంది. మీరు చూసింది చూసినట్టు రాయండి: ఎక్కడ, ఎన్ని సెంటీమీటర్లు, ఏ రంగు, వేడి, గట్టిదనం, తోలు ఉందా, ఏ టైమ్. థియేటర్ తేదీ, ఎంతసేపు, ఏ పొజిషన్‌లో ఉన్నారో కూడా రాయండి. ఇన్సిడెంట్ ఫారం ఉంటే నింపండి, మీ హాస్పిటల్ నియమాల ప్రకారం ఫొటో తీయించండి, కుటుంబానికి ఇవాళే చెప్పండి. సర్జన్‌కీ, ఊండ్ కేర్ వాళ్లకీ కబురు పెట్టి, ఈ రాత్రి నుంచే ఆయన్ని వెల్లకిలా ఉంచకుండా చూడండి. డ్యూటీ డాక్టర్ మళ్లీ వద్దంటే కన్సల్టెంట్‌కి ఫోన్ చేయమని అడగండి.